ఇనుప తలుపు

మా భవనం వాకిట్లో మ్యాన్‌హోలు మూత పోయి
రెండు చలికాలాలు.
ఎవడో రాత్రికి రాత్రి ఎత్తుకెళ్ళి తుక్కుకి అమ్ముకున్నాడు.
త్బిలిసీ ఊరి చివర తొమ్మిదంతస్తులు,
ముప్పై ఆరు కాపురాలు.
ఆ గొయ్యి చూడనివాడు లేడు.

ముందు ఒతియా ఒక విరిగిన కుర్చీని అందులో దించాడు,
కాళ్ళు పైకి.
తర్వాతెవరో దాని కాలికి ఎర్ర గుడ్డ కట్టారు.
నేనూ ఊరుకోలేదు,
కొత్త సంవత్సరానికి కొన్న చెట్టు ఎండిపోతే
తెచ్చి గుచ్చాను.
అదీ మా పౌరధర్మం.
మంచు పడ్డప్పుడు ముచ్చటగా కూడా ఉండేది.

మేం పిసినారులం అనుకునేరు.
కాదు.
మా లిఫ్టు నాణెం వేస్తేగానీ కదలదు.
లోపల మీటల పెట్టె మీద ఎప్పుడూ రెండు మూడు నాణేలుంటాయి,
లేనివాళ్ళ కోసం.
ఎవరు పెడతారో ఎవరూ అడగరు.
మా గడప తొక్కితే
పగవాడికైనా వైను పొయ్యకుండా పంపం.
ఏడో అంతస్తు జూజునా మొగుడు ఆసుపత్రిలో ఉంటే
ఇరవై రోజులు వాళ్ళ పొయ్యి వెలగలేదు,
మేం వెలగనివ్వలేదు.

గడప లోపల అంతా మనది.
గడప దాటిన మూడో అడుగు నుంచి
మునిసిపాలిటీది.

ఫిబ్రవరిలో, పెరుగమ్మే కుర్రాడు బచానా పడ్డాడు.
మేం పెట్టిన కుర్చీ కాలే
వాడి పక్కటెముకకి గుచ్చుకుంది.
అరగంటలో ఏడిళ్ళ నుంచి దుప్పట్లొచ్చాయి,
వేడి జున్ను రొట్టె, పులుసు, ద్రాక్ష సారా.
వాడి తల్లి ఏడుస్తూనే
ఏ గిన్నె ఎవరిదో గుర్తుపెట్టుకోలేకపోయింది.
మూత మాత్రం ఎవరూ తేలేదు.
కుర్చీని మళ్ళీ సర్ది నిలబెట్టాం,
ఈసారి కొంచెం నిటారుగా.

మర్నాడు నాజీబ్రోలా
నేలమాళిగలో తన సామాన్ల గదికున్న ఇనుప తలుపు
బందులు ఊడదీసి
ఈడ్చుకొచ్చి గొయ్యి మీద పరిచింది.
అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక్కతే.
ఆ ఈడుపు చప్పుడుకి
కిటికీ తెరలు కదిలాయి.
నా తెర కూడా.

ఇక మాటలకేం తక్కువ?
"అనుమతి ఎవరిచ్చారు?"
"అడుగేస్తే ఢామ్మంటోంది, నిద్రెలా పడుతుంది?"
"తుప్పు. పిల్లలకి గీసుకుంటే?"
"రేపు మునిసిపాలిటీ వాళ్ళొస్తే అసలు గొయ్యే లేదంటారు."
ఆ చివరిది నేనన్నదే.

ఆమె బెంచీ మీద కూర్చుని
అరచేతులకి నూనె రాసుకుంటూ అంది:
"ఇరవై రెండేళ్ళు ట్రాలీబస్సు నడిపాను.
తీగ మీంచి బండి కొమ్ములు జారితే
నడిరోడ్డున ఆగిపోతుంది.
అందరూ తలలెత్తి తీగ వంక చూస్తారు.
కొందరు తిడతారు,
ఒకామె పిల్లలకి మిఠాయి పంచుతుంది.
మంచివాళ్ళే అందరూ.
వానలోకి దిగి తాడు పట్టి లాగాల్సింది ఒకరు.
అదేం గొప్ప కాదు నాయనా,
నా సీటు తలుపు పక్కనుండేది, అంతే."

ఆ 'అంతే' నాకు చాలా రోజులు అరగలేదు.

ఇప్పుడెవరొచ్చినా వాకిలి మోగుతుంది.
ఆమె సామాన్ల గదికి తలుపు లేదు.
ఊరగాయ జాడీలు అలాగే ఉన్నాయట,
లెక్కపెడితే ఒకటి ఎక్కువే తేలిందట.

నిన్న రాత్రి మెట్లకి బల్బు కొనుక్కొచ్చాను.
మా రెండో అంతస్తుకి నాణెం దండగని
అందరం మెట్లే ఎక్కుతాం, చీకట్లో.
పాతది మాడి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు.
నాకు ఎత్తు అందదు.
స్టూలు పట్టుకోమని ఒతియా తలుపు కొట్టాను.
"ముందు కూర్చో" అన్నాడు.
కూర్చుంటే గ్లాసు.
గ్లాసెత్తితే పెద్దల పేర ఒక మాట,
పోయినవాళ్ళ పేర ఒక మాట,
బల్బు పేర ఇంకోటి.
ఒక చేతిలో అది, ఒక చేతిలో ఇది,
'రేపు చూద్దాంలే' నోటిదాకా వచ్చింది.

కింద ఢామ్మంది.
ఎవరో వస్తున్నారు,
గోడ తడుముకుంటూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ.

"స్టూలు తియ్యి, ఒతియా."